పొన్నగంటి మేసిన ఏనుగు

మొన్న మా మనవరాలు ఏదో పత్రిక చదువుతూ, "పొన్నగంటి కూర కళ్ళకి మంచిదటగా అమ్మమ్మా?" అని అడిగింది. మంచిదే, నేను కాదనను. కానీ ఆ పేరు వింటే నాకు నోరూరదు, నవ్వొస్తుంది. రెండే రెండు నెలల్లో నేను వండినంత పొన్నగంటి ఏ ఆడదీ ఒక జన్మలో వండి ఉండదు.

పాయకరావుపేట నుంచి అనకాపల్లికి నేను కాపురానికి వచ్చేటప్పటికి యుద్ధం జరుగుతోంది. కిరసనాయిలు దొరకదు, అగ్గిపెట్టె దొరకదు, మంచి గుడ్డ దొరకదు. మా అత్తవారింట్లో మాటలకి మాత్రం కరువు లేదు. మా మామగారు తెలుగు పండితులుగా చేసి విరమించుకున్నారు. చెరకు తోటల మధ్య పుట్టి, అందరూ నాగలి పట్టిన ఇంట్లో తానొక్కడే పుస్తకం పట్టిన మనిషి. ఉద్యోగం అయిపోయింది గానీ పాఠం చెప్పే అలవాటు అయిపోలేదు. పొద్దున్నే స్నానం చేసి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు. దారిన పోయేవాడి నోట ఏ చెట్టు పేరో మొక్క పేరో వచ్చిందా, వాడి పని అయిపోయిందే. ఆ పేరు ఎలా పుట్టిందో పూర్తిగా చెప్పకుండా వదిలేవారు కాదు. బెల్లం మార్కెట్టుకి బళ్ళు తోలుకుపోయే రైతులు మా వీధి మలుపు తిరగ్గానే ఎద్దుల్ని అదిలించి పరుగెత్తించడం నేను కళ్ళారా చూశాను.

"తెలియదు" అన్న మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. ఒకనాడు ఎవరో ఉత్తరేణి పుల్లతో పళ్ళు తోముకుంటూ వెళుతుంటే ఆపి, "ఉత్తరమనగా ఉత్తర దిక్కు. ఏణి యనగా ఆడలేడి. ఉత్తర దేశమునందలి లేళ్ళు మేసెడి మొక్క గావున ఉత్తరేణి" అన్నారు.

"మన పెరట్లో మేకలు మేత్తన్నాయి కదేటి? ఆటి పేరెవులూ పెట్టనేదా?" అని తలుపు వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

ఆయన విననట్టే ఊరుకున్నారు. అదీ వాళ్ళ పద్ధతి. అత్తగారు బడి మొహం చూడలేదు. నిప్పు ఉన్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. మాటలు ఆ చుట్ట సందుల్లోంచే వచ్చేవి. వీధి అరుగు మీదికి ఎన్నడూ వచ్చేది కాదు గానీ, ఆయన పాఠం మొదలుపెట్టారంటే చేట నిండా చింతపండు వేసుకుని గుమ్మం వెనక చేరేది, గింజలు తీస్తూ. మధ్యమధ్య ఆయన్ని ఒక పోటు పొడిచేది. గింజలన్నీ తీసేయడం అయిపోయినా లేచేది కాదు. ఇదేమి చాదస్తమో అనుకునేదాన్ని. చిన్నతనం, నాకేం తెలుసు.

ఇక నా సంగతి. ఆ రోజుల్లో కోడలు మామగారితో ఎదురుగా మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాల్సి వస్తే నేను పిల్లితో చెప్పేదాన్ని. "ఏమే పిల్లీ, వడ్డించేశాను, అన్నం చల్లారిపోతోంది" అంటే ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేవారు. ఆయనకి నాతో పనుంటే స్తంభంతో చెప్పేవారు. ఐదేళ్ళు మా సంసారం ఆ పిల్లి, ఆ స్తంభం మీద నడిచింది. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఏ గొడవ వచ్చినా "చూద్దాం" అనేవారు. ఆయన్ని ఇక ఈ కథలోకి లాగను.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అనుకుంటాను, ఆకుకూరలమ్మే ముసలమ్మ ఒకర్తె మా అరుగు మీద బుట్ట దించింది. "పొన్నగంటి బాబూ, కంటికి మంచిది" అంది. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టి పొన్నగంటి అయిందని అందరూ అనే మాటే. అరుగు మీద అప్పుడు నలుగురైదుగురు ఉన్నారు, వాళ్ళకీ ఆ ముక్క తెలుసు. ఊరందరికీ తెలిసిన ముక్క చెబితే పండితుడి గొప్పేముంది? మామగారు ఒక్క నిమిషం ఆకాశం వైపు చూసి కథ అందుకున్నారు.

పూర్వం ఒకానొక రాజుగారి పట్టపుటేనుగుకి రెండు కళ్ళూ పోయాయట. రాజుగారు దాన్ని అడవికి తోలేయమన్నారట. మావటివాడికి మనసొప్పక, శారదానది ఒడ్డున కట్టేసి, అక్కడ చెమ్మలో పచ్చగా కనిపించిన ఆకు కోసి మేపాడట. నలభై దినాలు మేపాడట. నలభై ఒకటో నాటి ఉదయాన ఏనుగు మావటివాణ్ణి చూసి, తొండమెత్తి దణ్ణం పెట్టిందట. ఆ ఆకే పొన్నగంటి.

బాగా చెప్పారు, అబద్ధమెందుకు. తలుపు వెనక నాకే కళ్ళు చెమర్చాయి. మా ఊరి నది, మా ఊరి ఆకు, దానికి దణ్ణం పెట్టిన ఏనుగు! సాయంత్రానికల్లా కథ ఊరంతా పాకింది. "ఏ ఒడ్డు పంతులుగారూ? ఇటొడ్డా, అటొడ్డా?" అని ఒకాయన పనిగట్టుకుని అడిగి వెళ్ళాడు. వారం తిరిగేసరికి ముసలమ్మ మళ్ళీ వచ్చి ఆయన కాళ్ళకి మొక్కింది. "పొన్నగంటి బుట్ట దించితే సాలు, సణంలో అయిపోతంది. బచ్చలి అమ్ముడవ్వట్లేదు. బచ్చలికి కూడా ఓ ఏనుగుని సూడండి బాబూ."

అలా నవ్వుకుంటూ ఉండగానే గాజుల సాయిబు వచ్చాడు.

ముసలివాడు. గాజుల మలారం భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి తొడిగేవాడు. అత్తగారిని "అప్పా" అని పిలిచేవాడు, మా వైపు అక్కని అలాగే అంటారు. ఆ లెక్కన మామగారు ఆయనకి బావగారు. అత్తగారు పచ్చ గాజులు కావాలంది. సాయిబు తీసి ఇచ్చినవి పొరపాటున నీలం రంగువి. ఆవిడ చేత్తో తడిమి, "పచ్చవి బాగున్నాయి, ఇయ్యే తొడుగు" అంది. సాయిబు నా వైపు చూశాడు, నేను సాయిబు వైపు చూశాను.

"అప్పా, నా గెడ్డం ఏ రంగో సెప్పు?" అన్నాడు సాయిబు.

"తెల్లగుంది. ముసిలోడివైపోనావు."

"గోరింటాకెట్టి నెల్రోజులైంది అప్పా. ఎర్రగా నిప్పులాగుంది."

అత్తగారు చుట్ట పీల్చుకుంటూ కూర్చుంది. సాయిబుకి రెండేళ్ళ కిందట ఇదే జబ్బట, కళ్ళల్లో శుక్లాలు. విశాఖపట్నంలో డాక్టరు కోసి తీసేశాడు, ఇప్పుడు ముక్కు మీద సీసా అడుగంత మందం కళ్ళజోడు. "పొర ముదిరీదాకా ఆగాల. మరీ ముదిరిపోతే కన్నే పోతాది. మా అన్న అలాగే పోగొట్టుకున్నాడు. జల్దీగా తీసుకెళ్ళండమ్మా" అని నాతో చెప్పాడు.

"కత్తెట్టి కన్ను కోయించుకోడానికి నాకేటి కర్మ?" అంది అత్తగారు. "ఇంట్లో మందుంది. మీ బావే సెప్పేరు కదా, ఏనుగుకే వచ్చింది."

ఆ మాట అరుగు మీద ఉన్న మామగారికి వినబడింది. ఆయన మొహంలో మొదట గర్వం కనబడింది. మర్నాడు కంచంలో పొన్నగంటి పప్పు, ఆ రాత్రికి పొన్నగంటి వేపుడు, ఆ మర్నాడు ఆవ పెట్టిన పొన్నగంటి కనబడ్డాక ఆ గర్వం ఎక్కడికి పోయిందో తెలియదు. ఒక ఇంట్లో రెండు కూరలేమిటని అత్తగారి పట్టు. ఆవిడ తిన్నది అందరం తినాలి. పులుసు పెట్టాను, అందులో మా ఊరి బెల్లం వేశాను. పచ్చడి చేశాను. పెసరపప్పుతో, శెనగపప్పుతో, పప్పేమీ లేకుండా వండాను. మా ఆయన ఏం కూరని అడగడం మానేశారు. కథ మామగారిది కాబట్టి మొదటి ముద్ద ఆయనదే. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఉండే మొహంతో మింగేవారు.

అత్తగారు రోజుకొక చింతగింజ ముంతలో వేసి లెక్క పెట్టింది. నలభై గింజలయ్యాయి. నలభై ఒకటో నాడు పొద్దున్న పెరట్లో పీట వేసుకుని కూర్చుని నన్ను పిలిచింది. "వేళ్ళు సూపించు" అంది. రెండు చూపించాను. చాలాసేపు చూసి "నాలుగు" అంది. నేను చెయ్యి దించుకున్నాను. కాసేపుండి, "సందేళ అయిపోనాదేటే?" అని అడిగింది. అప్పటికి పొద్దు పెరట్లో జామచెట్టు కూడా దాటలేదు.

మామగారు ఆ మాట విన్నారు. గుమ్మంలోకి వచ్చి, "నలువది దినములైనవి గదా, ఇక చాలునేమో. సాయిబు చెప్పిన వైద్యుని యొద్దకు..." అని నసిగారు.

"ఏనుగు రోజుకి ఎంత మేత్తాదండీ?" అని అడిగింది అత్తగారు.

"బండెడు మేయును."

"నానెంత తింతన్నాను? గుప్పెడు. బండికెన్ని గుప్పెళ్ళు? ఏనుక్కి నలభై దినాలైతే నాకెన్ని దినాలు?"

నలభై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి ఆ లెక్క విని స్తంభం వైపు చూశారు. అత్తగారు ముంతలో గింజలు పారబోసి, మళ్ళీ మొదటి గింజ వేసింది. ఊళ్ళో ఆవిడ పేరు మారుమోగిపోయింది. మొగుడి మాట మీద ఎంత నమ్మకమో, అలాంటి ఇల్లాలు ఈ కాలంలో ఎక్కడుంది అని ముత్తయిదువులు వచ్చి పసుపు రాసి వెళ్ళారు. ఆవిడ వాళ్ళని గొంతుని బట్టి గుర్తుపట్టి పేరుపేరునా పలకరించేది. ఒకసారి మాత్రం మా దూడ తల నిమిరి, "నీకు సల్లగా పిల్లలు పుట్టాలే" అని దీవించింది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

రెండో విడతలో పదకొండో గింజ పడిన రోజున నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. అత్తగారు చేట పట్టుకుని వంటింటి వైపు వస్తోంది అనుకున్నాను. తల ఎత్తి చూసేసరికి నూతి గట్టు దగ్గర ఉంది. మా నూతి గట్టు మోకాలెత్తు కూడా ఉండదు. అది గడప అనుకుని ఒక కాలు ఎత్తింది. నేను ఎలా పరుగెత్తానో తెలియదు, చీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనక్కి లాగేశాను. ఇద్దరం బురదలో పడ్డాం.

"కొత్త సీర సింపీసినావు కదే, నీ సేతులిరగ!" అని తిట్టింది ఆవిడ. ఏం జరగబోయిందో ఆవిడకి తెలియలేదు. నేను చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ మీద బెంగతో ఏడుస్తుంటే ఈవిడే నా తల దువ్వి, తాను దాచుకున్న బెల్లం ముక్క నా నోట్లో పెట్టింది. ఒక లేని ఏనుగు కోసం ఆవిణ్ణి నూతిలో పడనివ్వనా? నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం మామగారు పడక్కుర్చీలో విసనకర్రతో విసురుకుంటున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, "ఏమే పిల్లీ" అని మొదలుపెట్టాను. పిల్లి లేచి ఒళ్ళు విరుచుకుని గోడ దూకి వెళ్ళిపోయింది. మాట నోటి దాకా వచ్చేసింది, ఇక ఆగేది కాదు.

"మామగారూ, ఏనుగు కథ ఏ పుస్తకంలో ఉంది?"

విసనకర్ర జారి కింద పడింది. ఐదేళ్ళలో నేను ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన నా వైపు చూడకుండా స్తంభానికి జవాబు చెప్పారు.

"ఉన్నది. వెదకవలెను."

రెండు రోజులు వెతికారు. అటక మీది పుస్తకాలన్నీ దించారు. ఇల్లంతా దుమ్ము. ఒకచోట సంస్కృతంలో దాని పేరు మత్స్యాక్షి అని దొరికింది, చేపకన్ను అని అర్థమట. ఆకు చేప కన్నులా ఉంటుందంటారేమో గానీ పోయిన కన్ను వస్తుందని అందులో లేదు. ఎండలో నడిచి స్టేషనుకి వెళ్ళి, టిక్కెట్లిచ్చే అరవాయన్ని అడిగారు. అరవంలో ఆ కూర పేరులో బంగారం ఉందనీ, తింటే ఒళ్ళు బంగారంలా మెరుస్తుందని వాళ్ళ బామ్మ చెప్పేదనీ ఆయన చెప్పాడట. చేప దొరికింది, బంగారం దొరికింది, ఏనుగు దొరకలేదు. ఎలా దొరుకుతుంది? కట్టినవాడు తానే అయితే. అది తెలిసీ రెండు రోజులు దుమ్ములో కూర్చుని పేజీలు తిప్పిన మనిషిని చూస్తే నా కోపం పోయి జాలేసింది.

మూడో నాడు అరుగు ఎప్పట్లా నిండింది. ముసలమ్మ బుట్టతో వచ్చింది, సాయిబు మలారంతో వచ్చాడు, బండి రైతులు ఇద్దరు తప్పించుకోలేక ఆగారు. అత్తగారు తలుపు వెనక చేట ముందు కూర్చుంది. మామగారు కుర్చీలోంచి లేచి, "ఒకసారి బయటికి రా" అన్నారు. ఆవిడ కదల్లేదు, తననే పిలిచారని అనుకోలేదు. నేను చెయ్యి పట్టి అరుగు మీదికి తీసుకొచ్చాను.

మామగారు గొంతు సవరించుకున్నారు. వచ్చిన మాట మాత్రం పండితుడి గొంతు కాదు, చెరకు తోటల్లో పుట్టిన గొంతు.

"ఒలే, ఏనుగు నేదు. నానే కట్టేను. నలబై దినాలూ నానే కట్టేను, సెప్పడానికి బాగుంటాదని. ఆ పేరెలాగొచ్చిందో నాకు తెల్దు."

మొదట తేరుకున్నది ముసలమ్మ. "అయితే ఈ బుట్టెడూ నానేటి సేసుకోవాల బాబూ?" అంది.

అత్తగారు నోట్లోంచి చుట్ట తీసింది. ఆయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"మరైతే పట్నానికి రైలెప్పుడుందో కనుక్కోండి."

విశాఖపట్నంలో కన్ను కోశారు. ఆ రోజుల్లో కళ్ళు రెండూ కట్టేసి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, కదలకుండా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, నవ్వకూడదు, చుట్ట అసలే కూడదు. మూడో రోజున మామగారు కాఫీ తేవడానికి వెళ్ళగానే అత్తగారు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఏనుగు కథ నాను నమ్మీసినాననుకున్నావేటే?"

"నమ్మలేదా అత్తా?"

"ఉత్తరేణి లేడి కాడనుంచీ వింటన్నాను. ఆయన కట్టే కథ నాకు తెల్దా? కత్తంటే బయ్యిం. బయ్యిమని సెప్తే ఊరు నవ్వుతాది. మొగుడి మాట నమ్మేనంటే పసుపు రాసీసి ఎల్తారు."

నా చేతుల్తో నేను వండిన ఆ కూరంతా కళ్ళ ముందు కదిలింది. "మరి ఎందుకు ఒప్పుకున్నావు?" అని అడిగాను.

"నలుగుర్లో తెల్దన్నారు కదే. ఆయన! నాకోసం ఆ మాటన్నాక కూడా నాను కత్తికి బయపడితే ఎలాగ?" అంది. వెక్కిళ్ళు విని, కట్టు కింద కన్నీళ్ళు పెట్టుకోకూడదని నర్సు కేకలేసింది. ఆ కన్నీళ్ళు నావి, ఆవిడవి కావు, అని నర్సుకి చెప్పాల్సి వచ్చింది.

నెలన్నరకి కళ్ళజోడు వచ్చింది. ఇంటికి రాగానే ఆవిడ నూతి దగ్గరికి వెళ్ళి, ఆ గట్టుని, నన్ను మార్చి మార్చి చూసింది. తన పెట్టెలోంచి కొత్త చీర తీసి నా చేతిలో పెట్టింది. గాజులు నీలంవి అని తెలిశాక సాయిబుని పిలిపించి ఆయన గడ్డాన్ని కూడా తనివి తీరా తిట్టింది.

ఇల్లు మామూలైంది గానీ అరుగు మామూలు కాలేదు. మామగారు కుర్చీ వేసుకునేవారు, కూర్చునేవారు, అంతే. ఎవరేది అడిగినా "తెలియదు నాయనా" అనేవారు. రుచి కొత్తగా తెలిసినట్టు ప్రతిదానికీ అదే మాట. వేప అంటే తెలియదు, జిల్లేడు అంటే తెలియదు. బెల్లం బళ్ళు మా మలుపులో నెమ్మదిగా పోతున్నాయి. ఒక రైతయితే బండి ఆపి, "బాబుగారికి ఒంట్లో బాగోనేదా?" అని నన్నడిగాడు. ఆయన అలా చిన్నబోయి కూర్చుంటే నాకు అన్నం సహించేది కాదు. ఆ ప్రశ్న అడిగిన దాన్ని నేనే కదా.

ఒక పొద్దున్న ముసలమ్మ బుట్ట దించి, చాలాకాలానికి పొన్నగంటి కట్ట తీసింది. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఒకాయన, "దీనికి ఆ పేరెందుకు వచ్చింది పంతులుగారూ?" అని అడిగాడు.

"నాకు తెలియదు నాయనా."

"తెల్దేటి?" అని తలుపు వెనక నుంచి కేక వినిపించింది. "ఏనుగేటైపోనాది? నాకిక్కడ బోల్డు సింతపండుంది. గింజలెలాగ తియ్యను? కథ సెప్పండి."

అరుగు మీద పడక్కుర్చీ కిర్రుమంది. తరవాత గొంతు సవరించుకోవడం వినిపించింది.

"పూర్వము శారదానది యొడ్డున ఒక ఏనుగుండెడిది. దానికి కన్నులు పోయినవి. నలువది దినములు పొన్నగంటి మేసినది. చూపు రాలేదు."

"అప్పుడేటి సేసేరు?" అంది అత్తగారు.

"రైలెక్కించి పట్నమునకు గొంపోయిరి."

"రైల్లో పట్టిందా?"

"గూడ్సు బండి."

ఆవిడ నవ్వింది. ఆయన గొంతు పెరిగింది. వీధిలో ఎద్దుల గంటలు ఒక్కసారి జోరందుకున్నాయి. అత్తగారికి చింతపండు ఇంకేమైనా కావాలేమోనని నేను తలుపు వెనక్కి తొంగి చూశాను. కళ్ళజోడు సర్దుకుని, ఒళ్ళో ఖాళీ చేట పెట్టుకుని కూర్చుంది.